ఆసుపత్రి బిల్లులో మందుల రేట్లు: ప్రభుత్వం కట్టడి చేయాలా, వద్దా?

బుధవారపేట_అబ్బాయి
మా నాయనకు పోయిన నెల పిత్తాశయంలో రాళ్లని కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించినాం. ఆసుపత్రి పేరు రాయను, అడగొద్దు. ఆపరేషన్ బాగా చేసినారు, డాక్టరు మంచాయన, ఆ విషయంలో నాకు ఏ కంప్లయింటూ లేదు.

నా బాధంతా బిల్లుతోనే. ముందు 65 వేలు ప్యాకేజీ అన్నారు. నాలుగు రోజుల తర్వాత డిశ్చార్జి నాడు చేతికిచ్చింది 1,18,000. ఏమిటని అడిగితే "ప్యాకేజీలో మందులు, సర్జికల్స్ రావు సార్" అన్నారు. ఆ మాట మొదటి రోజు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ బిల్లు మంచం మీద పరుచుకుని కూర్చున్నా. గ్లౌజులు 46 జతలు. సెలైన్ ఎక్కించేకి చేతికి గుచ్చే కాన్యులాలు 3. నాయన చెయ్యి చూసినా, సూది గుచ్చిన చోటు ఒక్కటే ఉంది. ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వయల్ (మందు సీసా) 1,940 రూపాయలు. రాత్రి 11 గంటలకు చీటీ చేతికిచ్చి కింద ఫార్మసీలోనే తెమ్మన్నారు. బయట నుంచి తెస్తానంటే "బయట మందుకు మా బాధ్యత ఉండదు" అన్నారు. లోపల మనిషి నొప్పితో మూలుగుతుంటే ఇంకేం వాదిస్తాం? కార్డు గీకి వచ్చేసినా. తర్వాత పెద్దాసుపత్రి ఎదురుగా మందుల షాపులో పనిచేసే నా ఫ్రెండుకు చూపిస్తే, అదే మందు ఇంకో కంపెనీది 300 చిల్లరకు వస్తుందన్నాడు.

లాభం లేకుండా ఎవరూ ఆసుపత్రి పెట్టరు, ఆ మాత్రం తెలుసు. ఎంత లాభం అనేది ఎవరైనా చూస్తారా? ఈ రేట్లకు ప్రభుత్వం పగ్గం వేయొచ్చా, వేస్తే ఇంకేమైనా చెడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నంద్యాల_రైలు
46 జతలా! ఆపరేషన్‌కు ఊరంతా వచ్చిందా ఏమన్నా? నాయన ఎలా ఉన్నారు ఇప్పుడు?

బుధవారపేట_అబ్బాయి
బాగున్నారు. నూనె వద్దన్నారని ఉగ్గాని మీదికి బజ్జీ లేకుండా తినలేక అలిగి కూర్చున్నారు.

మిత్ర_పాతమనిషి
ఆరోగ్యశ్రీలో ఎందుకు పోలేదు?

బుధవారపేట_అబ్బాయి
నేను ఇన్‌కంటాక్స్ కడతా, బియ్యం కార్డు పోయింది. కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మానాయన లేరు. అంతా చేతి నుంచే.

గుత్తికోట
మీ బాధ అర్థమైంది కానీ ప్రభుత్వం రేట్లు పెట్టడం మొదలుపెడితే ఆసుపత్రులే ఉండవు. కర్నూల్లోనే ఎన్ని ఆసుపత్రులున్నాయి? నాలుగు చోట్ల అడిగి, తక్కువ చెప్పిన చోటికి పోవాలి. హోటళ్లకు రేట్లు ఎవరు పెడుతున్నారు? పోటీయే రేటు తగ్గిస్తుంది.

వేరుశనక్కాయ
గుత్తికోట అన్నా, మాది ధర్మవరం పక్కన పల్లె. కాయలు మండీకి తీసుకపోతాం. రేటు నచ్చకపోతే మూటలు మళ్లీ ట్రాక్టర్లో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటా, ఇంకో వారం ఆగుతా. మా చిన్నాయనకు రెండేండ్ల కిందట తెల్లారుజామున గుండెల్లో నొప్పి వచ్చింది. అప్పుడు నాలుగు ఆసుపత్రులు తిరిగి రేటు అడిగేదా? దగ్గర్లో లైటు వెలిగేది ఏదో అందులో చేర్చినాం. రేటు నచ్చలేదని మనిషిని వెనక్కి తెచ్చుకునేకి అయితాదా?

దేవునికడప
వేరుశనక్కాయ చెప్పినదానికి ఇంకో మాట. హోటల్లో ఏం తినాలో నేను చెప్తా. ఆసుపత్రిలో ఏం కొనాలో అమ్మేవాళ్లే చీటీ రాసిస్తారు. లెక్క మాత్రం నేను కట్టాల.

మందులషాపు_మామ
ఆదోనిలో 22 ఏండ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నా. ఈ రేట్ల సంగతి కాస్త వివరంగా చెప్తా, చాలామందికి తెలియదు.

ఎంఆర్పీ అనేది కంపెనీ అచ్చేసే గరిష్ఠ ధర. మందులు రెండు రకాలు. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటిని మేం షెడ్యూల్ మందులంటాం. వాటికి ఎన్‌పీపీఏ అనే కేంద్ర సంస్థ సీలింగ్, అంటే దాటకూడని ధర, పెడుతుంది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, మార్కెట్లో ఒక శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండ్ల ధరలు సగటు తీసి, దాని మీద షాపువాడికి 16 శాతం కలుపుతారు. అదే సీలింగ్. తయారీ ఖర్చు ఎంతన్నది ఆ లెక్కలోకే రాదు, అది గమనించండి.

జాబితాలో లేనివాటికి ఉన్న షరతు ఒక్కటే. ఏడాదిలో 10 శాతం మించి పెంచకూడదు. మొదటిసారి ఎంత అచ్చేయాలన్నది చాలావరకు కంపెనీ ఇష్టం. ఒకే మందుగా ఉంటే సీలింగ్ ఉంటుంది, దానికి ఇంకో మందు కలిపి కాంబినేషన్ చేస్తే చాలాసార్లు ఆ జాబితా దాటిపోతుంది. మీ 1,940 వయల్ మీద పేరు చూడండి, రెండు మందుల పేర్లు ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. నా షాపుకు వచ్చే సరుకులో రేటు తక్కువుంటే గిరాకీ ఎక్కువ. ఆసుపత్రి ఫార్మసీలో ఇది తలకిందులు. అక్కడ ఎంఆర్పీ ఎంత ఎక్కువ అచ్చేస్తే సరుకు అంత బాగా పోతుంది. కొనేది 250కి, అచ్చు 1,900. కంపెనీ రెప్రజెంటేటివ్ వచ్చి "సార్, మా దాంట్లో మీకు ఇంత మిగులుతుంది" అని ఎంఆర్పీ చూపించి మరీ అమ్ముతాడు. గుత్తికోట చెప్పిన పోటీ ఇక్కడ ఉంది, రేటు పెంచే దిక్కుకు ఉంది.

గుత్తికోట
ఇది నాకు నిజంగా తెలియదు. రేటు పెంచితే అమ్ముడుపోయే సరుకు వేరే ఏ అంగట్లో ఉంటుంది?

రిటైర్డ్_లెక్కలసారు
మామ చెప్పినదానికి అచ్చయిన సాక్ష్యం ఉంది. 2018 ఫిబ్రవరిలో అదే ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తెప్పించి లెక్క తీసింది. సెలైన్ గొట్టానికి తగిలించే త్రీవే స్టాప్‌కాక్ అని చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, బొటనవేలంత. ఆసుపత్రి కొన్నది 5 రూపాయల 77 పైసలకు. పేషెంటుకు వేసింది 106 రూపాయలు. లాభం 1,737 శాతం. నేను కాగితం మీద మళ్లీ చేసి చూసుకున్నా, లెక్క సరిపోయింది. మొత్తం బిల్లులో మందులు, సర్జికల్ సామాన్లు, పరీక్షలు కలిసి దాదాపు 46 శాతం అని కూడా ఆ నివేదికలోనే ఉంది. ప్యాకేజీ అని ముందు చెప్పే అంకెలో ఆ భాగం చాలాసార్లు ఉండదు. బుధవారపేట అబ్బాయికి జరిగింది అదే.

డాక్టర్_అనంత
అనంతపురంలో 20 పడకల ఆసుపత్రి నడుపుతున్నా. నా వైపు కూడా వినండి.

పైన మామ రాసింది అబద్ధమని అనను. మా ఫార్మసీలో కూడా లాభం ఉంది, అది లేకపోతే ఆసుపత్రి నడవదు. ఎందుకంటే నా కన్సల్టేషన్ 300. దాన్ని 500 చేస్తే పక్క వీధికి పోతారు. "చెయ్యి పట్టుకుని చూసినందుకు 500 ఆ?" అని మొహం మీదే అడిగినవాళ్లున్నారు. అదే మనిషి మందుల్లో 900 అదనంగా పోతే ఒక్క మాట అనడు. పదిహేనేండ్లు చదివి నేర్చుకున్న పనికి ధర కట్టడం మన జనానికి ఇష్టం లేదు, డబ్బాలో వచ్చే సరుకుకు కడతారు. అందుకే మా బతుకు సరుకు మీద పడింది. ఇది మంచిదని నేను అనడంలేదు, ఇలా ఉందని చెప్తున్నా.

ఇక నియంత్రణ సంగతి. మాకు నియంత్రణ లేదని ఎవరన్నారు? డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఆసుపత్రి రిజిస్ట్రేషన్, ఫైర్ ఎన్‌ఓసీ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, బయోమెడికల్ వేస్ట్ బండికి నెలనెలా డబ్బు, ఎక్స్‌రేకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) అనుమతి, స్కానింగ్ మిషన్‌కు కడుపులో బిడ్డ ఆడా మగా చెప్పకూడదనే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్. ఒక్కో ఫైలు వెనకాల ఒక్కో ఆఫీసు. కార్పొరేట్ వాళ్లకు దీనికోసమే ఒక డిపార్టుమెంటు ఉంటుంది. నాకు నేనే డిపార్టుమెంటు. రూల్సు పెరిగిన కొద్దీ చిన్న ఆసుపత్రులు మూతపడి పెద్దవాళ్ల చేతికి పోతున్నాయి. ఆ తర్వాత రేట్లు తగ్గుతాయని మీరు అనుకుంటున్నారా?

దేవునికడప
డాక్టరు గారూ, మీరు దాపరికం లేకుండా రాసినందుకు సంతోషం. కానీ ఆర్‌ఎంపీకి, అంబులెన్సు డ్రైవరుకు ఇచ్చే కమీషన్ సంగతి రాయలేదు. అది కూడా మా బిల్లులోనే కదా ఉండేది.

డాక్టర్_అనంత
ఉంది. మా వృత్తిలో 2002 నాటి నైతిక నియమావళి ప్రకారం కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ తప్పే. నేను ఇవ్వను. ఇవ్వనందుకు నాలుగు మండలాల నుంచి నాకు కేసులు రావు. ఇచ్చేవాళ్ల మీద ఎవరైనా చర్య తీసుకున్నారా అంటే నాకు తెలిసి మా ఊర్లో ఒక్కటీ లేదు. కొత్త రూలు పెట్టే ముందు ఉన్న రూలు అమలు చేయమనండి, నేనే మొదట సంతకం పెడతా.

నంద్యాల_రైలు
నాలుగు మండలాలు వదులుకున్నారంటే మాటలు కాదు సార్.

సిస్టర్_ఎం
ఒక ప్రభుత్వ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

అందరూ ప్రైవేటు రేట్ల మీదే మాట్లాడుతున్నారు. జనం ప్రైవేటుకు ఎందుకు పోతున్నారో కూడా చూడండి. జ్వరాల సీజన్లో మా వార్డులో మంచానికి ఇద్దరు, మంచాల మధ్యలో చాపలు. కర్నూలు, నంద్యాల జిల్లాలు చాలవని గద్వాల నుంచి, రాయచూరు నుంచి, బళ్లారి నుంచి కూడా వస్తారు. రాత్రి నాతో పాటు ఇంకొక్క సిస్టర్ ఉంటుంది. మందు మొత్తం ఉచితమే, ఉన్నప్పుడు. ఒక్కోసారి సప్లయి ఆగిపోతుంది, అప్పుడు మేమే చీటీ రాసి బయట తెమ్మని చెప్పాలి. ఆ చీటీ ఇచ్చేటప్పుడు వాళ్ల కళ్లలోకి చూడలేను.

మా దగ్గర మంచం ఖాళీగా ఉండి, మందు ఉండి, మర్యాదగా మాట్లాడే మనిషి ఉంటే, పక్కన ప్రైవేటువాడు 1,940 వేయడానికి పదిసార్లు ఆలోచిస్తాడు. రేట్లు తగ్గాలంటే ముందు మా వార్డుకు మనుషులను ఇవ్వండి.

బుధవారపేట అబ్బాయికి ఒక పని చెప్తా. ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ సిస్టర్ చార్టులో టైము రాసి సంతకం పెడుతుంది, ప్రైవేటులో కూడా. కేస్ షీట్ జిరాక్సు తీసుకుని ఆ సంతకాలు లెక్కపెట్టండి. తర్వాత బిల్లులో వయల్స్ లెక్కపెట్టండి.

బుధవారపేట_అబ్బాయి
కేస్ షీట్ ఇస్తారా? డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇచ్చినారు.

రిటైర్డ్_లెక్కలసారు
ఇవ్వాలి. డాక్టరు గారు చెప్పిన ఆ 2002 నియమావళిలోనే ఉంది, పేషెంటు గానీ, ఆయన తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని. నోటితో అడగొద్దు, కాగితం మీద రాసి, ఇంకో కాపీ మీద వాళ్ల ముద్ర వేయించుకోండి.

వేరుశనక్కాయ
ఎవరూ స్టెంట్ల మాట ఎత్తలేదే? మా చిన్నాయనకు రెండు వేసినారు. రేటు పెట్టొచ్చా అని మొదట్లో అడిగినారు కదా, గుండెకు వేసే స్ప్రింగుకు పెట్టినారు మల్ల.

రిటైర్డ్_లెక్కలసారు
సరిగ్గా గుర్తుచేశావు నాయనా. 2017 ఫిబ్రవరి దాకా మందు పూసిన స్టెంటు లక్ష దాటి అమ్మేవాళ్లు. ఆ నెలలో సీలింగ్ పెట్టారు. మామూలు లోహపు స్టెంటు 7,260, మందు పూసినది 29,600, పన్నులు వేరే. అదే ఏడాది ఆగస్టులో మోకాలి చిప్ప మార్పిడి సామాన్లకు కూడా పెట్టారు, ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకం 54,720. స్టెంట్లు దొరకవని అప్పట్లో చాలామంది భయపెట్టారు. ఇవాళ్టికీ స్టెంట్లు వేస్తూనే ఉన్నారు.

గుత్తికోట
సారూ, దాని రెండో వైపు కూడా చెప్పండి. స్టెంటు రేటు తగ్గింది, ఆపరేషన్ చార్జీ పెరిగింది. మా మామ యాంజియోప్లాస్టీ బిల్లు, తర్వాత రెండేండ్లకు అత్తది పక్కపక్కన పెట్టి చూసినాం. స్టెంటు దగ్గర 70 వేలు తగ్గితే, క్యాథ్‌ల్యాబ్ (స్టెంటు వేసే గది), 'ప్రొసీజర్', 'ప్రొఫెషనల్' అని మూడు లైన్లలో 45 వేలు ఎక్కింది. ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబ్బుతుంది. నేను మొదట చెప్పింది అందుకే.

వేరుశనక్కాయ
అయినా 25 వేలు మిగిలింది కదన్నా. మా ఇంట్లో అది రెండు ఆవుల లెక్క... సరే, ఒక ఆవు అనుకో.

గుత్తికోట
మిగిలింది. ఒప్పుకుంటా.

మిత్ర_పాతమనిషి
రేటు కట్టడి గురించి మాట్లాడుతూ ఆరోగ్యశ్రీని వదిలేశారు. అది ఇన్సూరెన్సు అనుకుంటారు గానీ, రేటు కట్టడి కూడా అదే. ఫలానా ఆపరేషన్‌కు ఇంత, అందులోనే మందులు, భోజనం, ఇంటికి బస్సు చార్జీ దాకా. పేషెంటు దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. 2007 ఏప్రిల్ 1న మొదటి విడతలో మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి, మిగిలినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. నేను ఆ తర్వాత చేరి తొమ్మిదేండ్లు నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఈ పథకంలో చేరిన ఆసుపత్రిలో, హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చున్నా. పేరు ఇప్పటికి ఎన్నిసార్లు మారిందో, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. జనం మాత్రం ఇంకా "ఆరోగ్యశ్రీ ఉందా?" అనే అడుగుతారు.

కళ్లారా చూసింది చెప్తా. ఒక పల్లె నుంచి గుండె వాల్వు కేసు, పదిహేనేండ్ల పిల్ల. వాళ్ల అమ్మ కొంగు ముడిలో కార్డు కట్టుకుని వచ్చింది. ప్రీ-ఆథరైజేషన్ (ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి) వచ్చిందని చెప్తే ఆమెకు అర్థం కాలేదు. "లెక్క ఎంత కట్టాల సారూ?" అని నాలుగుసార్లు అడిగింది. ఏమీ లేదమ్మా అంటే నమ్మలేదు. డిశ్చార్జి నాడు బస్సు చార్జీ చేతిలో పెడితే అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ పనిలో నాకు మిగిలిన సంతోషం అదీ.

చెడు కూడా చూసినా. ప్రభుత్వం నుంచి బిల్లులు నెలల తరబడి రావు. బకాయిలు పెరిగేకొద్దీ "ఈ ప్యాకేజీకి మంచాలు లేవు" అని కౌంటర్లో చెప్పడం మొదలవుతుంది. క్యాష్ అంటే మంచం దొరుకుతుంది. నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులిచ్చి, ఆపిన రోజులు కూడా ఉన్నాయి. రేటు పెట్టిన ప్రభుత్వం ఆ రేటైనా టైముకు కట్టాలి కదా. కట్టనప్పుడు వాళ్లను గద్దించే నైతిక హక్కు ఎక్కడుంటుంది?

డాక్టర్_అనంత
ఈ ఒక్క పేరాకు దండం పెడతా. నేను నెట్‌వర్క్ నుంచి బయటికి వచ్చింది ఇందుకే. జీతాలు ఒకటో తారీకు ఇవ్వాలి, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు.

దేవునికడప
మా చెల్లెలి కాన్పు సంగతి చెప్పకుండా ఉండలేను. ఎనిమిదో నెల దాకా అంతా నార్మల్ అన్నారు. నొప్పులు మొదలై ఆసుపత్రికి పోతే మూడు గంటల్లోపే "బిడ్డ అలిసిపోతోంది, సంతకం పెట్టండి" అన్నారు. పెట్టినాం, పెట్టకుండా ఎట్లుంటాం? అది నిజంగా అవసరమా కాదా అనేది మాకు జన్మలో తెలియదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన రాష్ట్రంలో సిజేరియన్లు 42 శాతం పైన. ప్రైవేటులో 63, ప్రభుత్వంలో 26 చిల్లర. ఒకే నేల, ఒకే తిండి తినే ఆడవాళ్లు. గడప మారితే కోత రెండింతలకు మించి ఎట్లా పెరుగుతుంది?

డాక్టర్_అనంత
మా ఆవిడ గైనకాలజిస్టు, ఆమె మాటగా రాస్తున్నా. డబ్బు ఒక కారణం, లేదని అనదు. కానీ ముహూర్తం కాగితం జేబులో పెట్టుకుని వచ్చే కుటుంబాలు నెలకు ఎన్నో. నొప్పులు చూడలేక "కోసేయండి డాక్టరమ్మా" అనే తల్లులు ఉన్నారు. ఏదైనా జరిగితే అద్దాలు పగలగొట్టడానికి వచ్చే బంధువులూ ఉన్నారు. పదహారు గంటలు కూర్చుని నార్మల్ చేస్తే వచ్చేది, ముక్కాలు గంట ఆపరేషన్‌కు వచ్చేదానికంటే తక్కువ. ఆమె అడిగేది ఏమంటే, ఆ రెండింటికీ ఒకే రేటు పెట్టమనండి, అప్పుడు చూద్దామంటుంది.

సిస్టర్_ఎం
ఒకే రేటు అనే మాట బాగుంది. మేడమ్‌కు నా నమస్కారాలు చెప్పండి.

బెంగళూరు_బస్సు
హిందూపురం మాది. మీరంతా ప్రభుత్వమా, ప్రైవేటా అని రెండే దారులు చూస్తున్నారు. పుట్టపర్తిలో 1991లో పెట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది కదా, అక్కడ గుండె ఆపరేషన్‌కు కూడా పైసా తీసుకోరు. బిల్లు కౌంటరే లేదు. మా జేజికి కంటి ఆపరేషన్ అక్కడే. బత్తలపల్లిలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఉంది, కూలీ జనం కట్టగలిగినంతే. కడపవాళ్లు వేలూరు సీఎంసీకి పోతారు, అది మిషన్ ఆసుపత్రి. లాభం పంచుకునే యజమాని లేకపోయినా ఇవి నడుస్తున్నాయి, మంచి డాక్టర్లు పనిచేస్తున్నారు.

గుత్తికోట
అవి దాతల డబ్బుతో, త్యాగంతో నడిచేవి. జిల్లాకు పది పెట్టగలరా?

బెంగళూరు_బస్సు
పది పెట్టలేరు. కానీ ఆపరేషన్‌కు నిజంగా ఎంత ఖర్చవుతుందో వాళ్ల లెక్కల పుస్తకం చెప్తుంది. ఆ అంకె తీసుకుని రేటు పెట్టమంటున్నా. మామ చెప్పినట్టు మార్కెట్ బ్రాండ్ల సగటు తీస్తే పెద్ద రేట్లవాళ్లు రాసిన అంకెల్నే మళ్లీ సగటు చేసినట్టు.

మందులషాపు_మామ
ఇది మంచి పాయింటు. 1995 నాటి పాత ఉత్తర్వులో తయారీ ఖర్చు మీదే రేటు కట్టేవాళ్లు. 2013లో మార్చేసినారు.

బుధవారపేట_అబ్బాయి
ఆలస్యానికి క్షమించండి, ఐదు రోజులు దీని మీదే తిరిగినా.

లెక్కలసారు చెప్పినట్టు రాసిచ్చి ముద్ర వేయించుకున్నా. మొదట "మేనేజర్ లేడు" అన్నారు. 72 గంటల రూలు అని కాగితంలోనే రాసినా కాబట్టి రెండో రోజు పిలిచి కేస్ షీట్ జిరాక్సు ఇచ్చినారు. రాత్రి నేను, మా ఆవిడ కూర్చుని లెక్కపెట్టినాం. సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఇంజెక్షన్‌కు చార్టులో సంతకాలు 8. బిల్లులో వయల్స్ 11. వాడని మూడు ఫార్మసీకి వాపసు పోయినాయి, మా బిల్లులో మాత్రం తగ్గలేదు. 5,820 రూపాయలు.

బిల్లింగ్ మేనేజర్ ముందు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినా. ఆయన ఏమీ వాదించలేదు. "పొరపాటు జరిగింది" అని 5,820 అదే రోజు వాపసు ఇచ్చినాడు. గ్లౌజుల సంగతి అడిగితే "ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో), వార్డులో అందరివీ కలిపి" అన్నాడు. ఆ మూడు కాన్యులాలకు జవాబు లేదు, అందులోనూ రెండు తీసేసినారు.

కానీ 1,940 సంగతి మాత్రం అక్కడే ఉంది. మామ చెప్పినట్టు దాని మీద రెండు మందుల పేర్లున్నాయి. "మేం ఎంఆర్పీకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ వేయలేదు సార్, చట్టప్రకారమే" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నాకు కడుపు మండింది అక్కడే. తప్పు చేస్తే పట్టుకున్నా, వాపసు వచ్చింది. తప్పు కానిదాన్ని ఏమని పట్టుకునేది?

మందులషాపు_మామ
మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు అదే నాయనా. ఎంఆర్పీ ఎంతైనా అచ్చేయొచ్చు అన్నంతకాలం ఎంఆర్పీకే అమ్మినాం అనే మాటకు విలువ లేదు. 2019లో 42 క్యాన్సర్ మందులకు వ్యాపారుల మార్జిన్ 30 శాతం దాటకూడదన్నారు, వాటి ఎంఆర్పీలు బాగా దిగినాయి, నా కళ్లతో చూసినా. కరోనాలో 2021 జూన్‌లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లకు 70 శాతం అని పెట్టినారు. అమ్మేవాడికి ఇంతే మిగలాలని అన్నిటికీ పెడితే నా షాపుకూ దెబ్బే, అయినా పెట్టమనే అంటా. కంపెనీవాడు 1,900 అచ్చేసి ఏం చేసుకుంటాడు అప్పుడు?

డాక్టర్_అనంత
మార్జిన్‌కు హద్దు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. దాంతో పాటు నా ఫీజు 300 నుంచి 600 అయితే రోడ్డు మీద తిట్టకండి.

దేవునికడప
తిట్టం డాక్టరు గారూ. 600 అని బోర్డు పెట్టండి, చూసుకునే లోపలికి వస్తాం.

రిటైర్డ్_లెక్కలసారు
బయట మందు తెచ్చుకోనివ్వని విషయం 2025 మార్చిలో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆసుపత్రి ఫార్మసీలోనే కొనాలని ఒత్తిడి చేస్తున్నారని వేసిన పిటిషన్. కోర్టు సమస్య ఉందని గుర్తించి, విధానం చేసే పని రాష్ట్రాలకు వదిలింది. అంటే బంతి ఇప్పుడు మన రాష్ట్రం దగ్గరే ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు మనకు 2002 నుంచి సొంత చట్టం ఉంది, జిల్లాలో దాని బాధ్యత డీఎంహెచ్‌ఓది. ఆయనకు ఒక కాగితం రాయండి. డబ్బు విషయమైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు.

బుధవారపేట_అబ్బాయి
డీఎంహెచ్‌ఓ ఆఫీసులో నిన్ననే ఇచ్చినా సార్. మూడు విషయాలే రాసినా. రేట్ల బోర్డు లేదు. ప్యాకేజీలో ఏం వస్తుంది, ఏం రాదు అనేది ముందు కాగితం మీద ఇవ్వలేదు. బయట మందు తేనివ్వలేదు. ఇన్‌వార్డ్ నంబరు తీసుకున్నా. ఏమైనా కదిలితే ఇక్కడే రాస్తా, కదలకపోయినా రాస్తా.

తుంగభద్ర_గట్టు
ఇన్ని రోజులు చదువుతూ ఉన్నా, ఇవాళే రాస్తున్నా. మా మామకు వచ్చే గురువారం హెర్నియా ఆపరేషన్, ప్రైవేటులోనే. చాలా టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు ఏం అడగాలి, ఎవరిని అడగాలి?

సిస్టర్_ఎం
ముందు ప్యాకేజీ కాగితం మీద రాయించుకోండి, మందులు, సర్జికల్స్, రూము ఎన్ని రోజులు, అన్నీ. రోజూ సాయంత్రం ఆ రోజు బిల్లు అడగండి, డిశ్చార్జి దాకా ఆగొద్దు. మందుల కవరు తెచ్చిన ప్రతిసారీ ఎన్ని వయల్సో ఫోటో తీసి పెట్టుకోండి. వాడనివి వాపసు ఇచ్చేటప్పుడు రసీదు తప్పనిసరి.

మందులషాపు_మామ
చీటీలో బ్రాండు పక్కన మందు పేరు కూడా రాయమని మర్యాదగా అడగండి. రాసినాక నాకు ఇక్కడ చెప్పండి, జాబితాలో ఉందో లేదో చూసి చెప్తా.

డాక్టర్_అనంత
సర్జన్‌ను కూడా నేరుగా అడగండి, భయపడొద్దు. "ఈ మందుకు తక్కువ రేటులో సమానమైనది ఉందా సార్?" అని. చాలామంది మారుస్తారు. మేము రాసే బ్రాండు బిల్లులో ఎంత పడుతుందో మాకే తెలియని రోజులుంటాయి.

బుధవారపేట_అబ్బాయి
నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. పేషెంటు పక్కన ఉండే మనిషి వేరే, బిల్లు చూసే మనిషి వేరే ఉండాలి. రెండూ నేనే అయినా, అందుకే రాత్రి 11కి ఏమీ అడగలేకపోయినా.

తుంగభద్ర_గట్టు
మా చిన్నాయన కొడుకుని పెడుతున్నా. బీకాం చేసినాడు, కూరగాయల దగ్గర కూడా చిల్లర వదలడు. ఈ చర్చ మొత్తం ప్రింటు తీసి వాడి చేతికిచ్చినా.